పెద్ద జాతి కుక్కపిల్లకి ప్యాకెట్ ఫుడ్డా, ఇంటి తిండా, రెండూ కలిపా? ఎవరికి ఏది నప్పుతుంది

ఇంటికి ల్యాబ్ పిల్లో జర్మన్ షెపర్డ్ పిల్లో వచ్చిన మొదటి వారంలోనే సలహాలు మొదలవుతాయి. పిల్లని అమ్మినాయన ఒకటి చెప్తాడు, పెట్ షాపాయన కౌంటర్ మీద క్యాల్షియం సీసా పెట్టి ఇంకోటి చెప్తాడు, ఎదురింటి పెద్దాయన "మా ఊళ్లో కుక్కలు పెరుగన్నం తిని పదిహేనేళ్లు బతికాయమ్మా" అంటాడు. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ ఊరి కుక్క పెద్దయ్యాక పదిహేను, ఇరవై కిలోలుంటుంది, మీ ఇంట్లో ఉన్నది ఏడాదిన్నరలో ముప్పై ఐదు కిలోలయ్యే జీవం. ఈ రెండిటికీ పిల్లప్పటి తిండి లెక్క ఒకటి కాదు.

కింద రాసినదంతా పెద్దయ్యాక 25 కిలోలు దాటే జాతుల కోసం. ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వీలర్, ఇంకా పైకెళ్తే గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్. బీగిల్, షిట్జు, పామెరేనియన్ ఉన్నవాళ్లకి ఇందులో సగం అక్కర్లేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ప్యాకెట్ మంచిదా ఇంటి తిండి మంచిదా అన్న గొడవ కంటే, రోజుకి ఎన్ని కేలరీలు, ఎంత క్యాల్షియం పోతోందన్న రెండు లెక్కలే ముఖ్యం. ఆ లెక్క కుదిరితే ఏ దారైనా పర్వాలేదు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పద్ధతి, అంటే పొద్దున ప్యాకెట్, రాత్రి అన్నం, పైన రెండు చెంచాల క్యాల్షియం సిరప్, అన్నిట్లోకీ లెక్క తప్పే పద్ధతి. ఎందుకో కింద అంకెలతో చూపిస్తాను.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

*పెరిగే వేగం.* పిల్ల గుండ్రంగా, బరువుగా, పక్కింటి పిల్ల కంటే పెద్దగా కనిపిస్తే మనకి ముచ్చట. కానీ పెద్ద జాతి పిల్ల ఎంత ఎత్తు, ఎంత బరువు అవుతుందన్నది చాలావరకు దాని తల్లిదండ్రులతోనే తేలిపోతుంది, ఎక్కువ తిండి పెడితే పెద్దది కాదు, త్వరగా పెద్దదవుతుంది. ఎముకల చివర పెరిగే మెత్తటి భాగం మూసుకోవడానికి పెద్ద జాతుల్లో ఏడాది నుంచి ఏడాదిన్నర, మరీ భారీ జాతుల్లో ఇంకా ఎక్కువే పడుతుంది. అది గట్టిపడక ముందే పైన బరువు పెరిగితే తుంటి కీలు, మోచేయి కీలు దెబ్బతింటాయి. హిప్ డిస్ప్లేసియా (తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం) అని డాక్టర్లు చెప్పేది వంశంలో వచ్చేదే, అయితే తిండి దాన్ని ముదరనివ్వగలదు, అదుపులోనూ ఉంచగలదు.

దీనికి గట్టి ఆధారం ఉంది. అమెరికాలో డాగ్ ఫుడ్ కంపెనీ ప్యూరినా వాళ్లు 48 ల్యాబ్రడార్లని జంటలుగా తీసుకుని, జంటలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి జీవితాంతం పెట్టి చూశారు. 2002లో వచ్చిన ఫలితాల ప్రకారం తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లవాతం వాటికి ఆలస్యంగా, తక్కువగా వచ్చింది. రెండిటికీ పెట్టిన తిండి ఒకటే, తేడా అంతా కొలతలోనే.

*క్యాల్షియం.* తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. ఆరు నెలల లోపు పిల్ల పేగులకి అక్కర్లేని క్యాల్షియాన్ని వదిలేసే నేర్పు ఇంకా పూర్తిగా రాదు, పోసినదాంట్లో చాలా భాగం ఒంట్లోకి పోతుంది. అందుకే జంతువుల తిండికి ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ ఆఫ్కో, పెద్ద జాతి పిల్లలకి వేరే గరిష్ఠ పరిమితి పెట్టింది. 1000 కేలరీల తిండికి కనీసం 3 గ్రాములు, గరిష్ఠంగా 4.5 గ్రాములు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ మళ్లీ వస్తాయి. ఫాస్ఫరస్‌తో పోలిస్తే క్యాల్షియం దానికి సమానంగానో, రెట్టింపు లోపో ఉండాలి.

*కొలవగలమా.* ఇంట్లో నలుగురుంటే నలుగురూ పెడతారు. తాతగారు బిస్కెట్, పిల్లలు చపాతీ ముక్క, పనమ్మాయి మిగిలిన ఇడ్లీ. ఏ పద్ధతి ఎంచుకున్నా ఎవరు కొలుస్తారో ముందు తేల్చుకోండి.

*డబ్బు, టైమ్, ఇంటి ఆచారం.* ఇవి చిన్న విషయాలు కావు. రోజూ మాంసం వండలేని ఇంట్లో చికెన్ రెసిపీ ఎంత గొప్పదైనా రెండో వారానికి మూలపడుతుంది.

ప్రోటీన్ ఈ జాబితాలో లేదేంటి అని అడగొచ్చు. ప్రోటీన్ ఎక్కువైతే ఎముకలు పాడవుతాయన్న మాట పాతది, అందుకే కొందరు నాలుగో నెలకే ఎదిగిన కుక్కల ఫుడ్‌కి (అడల్ట్ ఫుడ్) మార్చేస్తుంటారు. తప్పంతా కేలరీలది, క్యాల్షియానిది, ప్రోటీన్‌ది కాదని తర్వాత తేలింది. పెరిగే పిల్లకి ప్రోటీన్ కోత పెట్టకండి.

మీ పిల్లకి రోజుకి ఎన్ని కేలరీలు

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. పిల్ల బరువుని దానితోనే మూడుసార్లు వచ్చేలా గుణించి, వర్గమూలం గుర్తు రెండుసార్లు నొక్కి, వచ్చినదాన్ని 70తో గుణించండి. అది కదలకుండా పడుకున్నా ఖర్చయ్యే శక్తి. నాలుగు నెలల లోపు పిల్లకి దానికి మూడు రెట్లు, నాలుగు నెలలు దాటితే రెండు రెట్లు.

10 కిలోల మూడు నెలల పిల్ల అనుకుందాం. 10 గుణించు 10 గుణించు 10, అంటే 1000. రెండుసార్లు వర్గమూలం తీస్తే 5.62. 70తో గుణిస్తే 394, మూడు రెట్లు అంటే దాదాపు 1180 కేలరీలు. అదే పిల్ల ఐదారు నెలలకి 20 కిలోలైతే 1320 దాకా వస్తుంది. బరువు రెట్టింపయినా తిండి రెట్టింపు కాలేదు, చూశారా. చాలా ఇళ్లలో పిల్ల లావెక్కేది ఇక్కడే, బరువు పెరిగిందని గిన్నె కూడా అదే పాళ్లలో పెంచేస్తారు.

ఇది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. అసలు తీర్పు పక్కటెముకలది. పిల్లని నిలబెట్టి రెండు అరచేతులూ ఛాతీ పక్కల ఆనించి, వేళ్లని నొక్కకుండా ముందుకీ వెనక్కీ జరపండి. ఎముకలు వేళ్ల కింద ఒక్కొక్కటిగా తగలాలి, కంటికి మాత్రం గీతల్లా కనపడకూడదు. వేళ్లు గట్టిగా నొక్కితే కానీ తగలకపోతే లావు. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము కాస్త లోపలికి తిరగాలి. ఎముకలు తేలిపోయి పొట్ట మాత్రం కుండలా ఉంటే అది తిండి సమస్య కాకపోవచ్చు, పురుగులుండొచ్చు, డీవార్మింగ్ ఎప్పుడు వేయించారో చూసుకోండి.

మొదటి దారి: లార్జ్ బ్రీడ్ పప్పీ ఫుడ్

ప్యాకెట్ మీద "లార్జ్ బ్రీడ్ పప్పీ" అనో "మ్యాక్సీ పప్పీ" అనో ఉంటుంది. మామూలు పప్పీ ఫుడ్‌తో పోలిస్తే ఇందులో సాధారణంగా కొవ్వు కొంచెం తక్కువ, క్యాల్షియం పరిమితిలో ఉంటుంది. ఉదాహరణకి రాయల్ కానిన్ మ్యాక్సీ పప్పీ, పెద్దయ్యాక 26 నుంచి 44 కిలోలుండే జాతులకి, 15 నెలల దాకా అని రాసి అమ్ముతారు. అంతకంటే భారీ జాతులకి జెయింట్ పేరుతో వేరే ఉంటుంది.

ముందు వైపు ఉన్న గోల్డెన్ రిట్రీవర్ ఫోటో చూసి కొనకండి, ప్యాకెట్ తిప్పండి. వెనక వైపు చిన్న అక్షరాల్లో మూడు చూడాలి. ఒకటి, ఇది పెరిగే పిల్లలకి పూర్తి ఆహారం అని, పెద్ద జాతి పిల్లలతో సహా అని రాసుందా. రెండు, క్యాల్షియం శాతం. మూడు, కిలోకి ఎన్ని కేలరీలు.

క్యాల్షియం దగ్గర ఒక చిక్కుంది. అదే పరిమితి శాతంలో చెప్తే, తేమ తీసేశాక మిగిలే పొడి పదార్థం మీద 1.8 శాతం, ప్యాకెట్ మీద అంకె తేమతో కలిపి ఉంటుంది. తేమ 10 శాతం, క్యాల్షియం 1.4 శాతం అని ఉంటే 1.4ని 0.9తో భాగించండి, 1.56 వస్తుంది, పర్వాలేదు. ప్యాకెట్ మీద 1.62 దాటి కనిపిస్తే ఈ తేమ దగ్గర పరిమితి దాటినట్టే. కొన్ని కంపెనీలు "కనీసం ఇంత" అని మాత్రమే రాస్తాయి. మనకి కావాల్సింది గరిష్ఠం. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి అడగండి, అంకె చెప్పలేని కంపెనీ ఫుడ్ పెద్ద జాతి పిల్లకి నేనైతే కొనను.

లోపాలున్నాయి. ఖరీదు ఎక్కువ, చిన్న టౌన్లలో దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఇంకో మాట, షాపులో తెరిచిన పెద్ద బస్తా నుంచి కిలో లెక్కన లూజ్‌గా అమ్మేది వద్దు. మన ఎండకి, వానాకాలం తేమకి అందులో కొవ్వు ముక్కిపోతుంది, తయారీ తేదీ తెలియదు, అసలు అది ఏ ఫుడ్డో కూడా నమ్మకం లేదు. ఇంట్లో కూడా ప్యాకెట్ నుంచి తీసి డబ్బాలో పోసేకంటే ప్యాకెట్‌తో సహా డబ్బాలో పెట్టి మూతెయ్యండి.

రెండో దారి: మామూలు పప్పీ ఫుడ్

అన్ని జాతుల పిల్లలకీ అని రాసుండేది. చాలా కిరాణా కొట్లలో దొరుకుతుంది, చవక. దీన్ని విషంలా చూడక్కర్లేదు. వెనక వైపు క్యాల్షియం పైన చెప్పిన పరిమితిలో ఉండి, పెద్ద జాతులకీ పనికొస్తుందని రాసుంటే వాడుకోవచ్చు. కాకపోతే చిన్న జాతి పిల్లల పరిమితి 2.5 శాతం దాకా ఉంటుంది, కాబట్టి చూడకుండా తీసుకుంటే మీ పిల్లకి ఎక్కువయ్యే అవకాశం ఉంది.

చవకా ఖరీదా అన్నది కిలో రేటుతో తేల్చకండి. ఒక ప్యాకెట్ కిలో 400 రూపాయలు, కిలోకి 4000 కేలరీలు అనుకుందాం. ఇంకోటి కిలో 300, కిలోకి 3200 కేలరీలు. వెయ్యి కేలరీలకి మొదటిది 100 రూపాయలు, రెండోది 94. కిలో దగ్గర వంద రూపాయల తేడా గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఆరు రూపాయలైంది, పైగా చవక దాంట్లో ఎక్కువ గ్రాములు పెట్టాలి, ఎక్కువ మలం ఎత్తిపొయ్యాలి కూడా.

మూడో దారి: పూర్తిగా ఇంటి తిండి

ఇక్కడ కొంచెం సేపు ఆగుదాం, ఎందుకంటే మనవాళ్లకి మనసు ఇటే లాగుతుంది, కల్తీ ఉండదు, తాజాగా ఉంటుంది, మన చేత్తో వండుతాం. ఆ మాటలన్నీ ఒప్పుకుంటాను. తేడా వచ్చేది అంకెల దగ్గర.

పైన చెప్పిన 10 కిలోల పిల్లకి 1180 కేలరీలు కావాలన్నాం కదా, దాంతోపాటు కనీసం మూడున్నర గ్రాముల క్యాల్షియం. ఎముకల్లేని చికెన్ పావు కిలో, వండిన అన్నం 300 గ్రాములు పెట్టారనుకోండి. కడుపు నిండుతుంది, ఇష్టంగా తింటుంది. ఆ రెండిట్లో కలిపి క్యాల్షియం 100 మిల్లీగ్రాములు కూడా రాదు. కావాల్సింది 3500. ఫాస్ఫరస్ మాత్రం మాంసంలో దండిగా ఉంటుంది, దాంతో నిష్పత్తి తలకిందులైపోయి ఒళ్లు తన ఎముకల్లోంచే క్యాల్షియం లాక్కుంటుంది. చికెన్ బాగా పెడుతున్నాం, అయినా కాళ్లు వంకర పోతున్నాయేంటి అని డాక్టర్ దగ్గరికి వచ్చే కేసుల్లో ఇదొకటి.

పెరుగు పోస్తున్నాం కదా అంటారు. 100 గ్రాముల పెరుగులో క్యాల్షియం 150 మిల్లీగ్రాములకి మించదు. మూడున్నర గ్రాములు రావాలంటే రెండు కిలోల పైనే పెరుగు తాగాలి. రాగి జావలో ఉంటుంది కదా అంటారు. నిజమే, ధాన్యాల్లో రాగులే మేలు, 100 గ్రాముల పిండిలో సుమారు 340 మిల్లీగ్రాములు. కానీ ఆ పిల్ల రోజుకి కిలో రాగిపిండి తినాలి, అందులోనూ ఫైటేట్ల (క్యాల్షియాన్ని పట్టి ఉంచే పదార్థాలు) వల్ల అంతా ఒంటబట్టదు. రాగి సంకటి పెట్టొద్దని కాదు, దాన్ని క్యాల్షియం లెక్కలో వెయ్యొద్దని.

గుడ్డు పెంకులు ఎండబెట్టి మెత్తగా పొడి కొట్టి కలపడం నిజంగా పనిచేసే పద్ధతే, నిండు టీ స్పూన్‌లో రెండు గ్రాముల దాకా క్యాల్షియం ఉంటుంది. అయితే క్యాల్షియంతో కథ అయిపోదు. జింక్, కాపర్, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ లాంటివి అన్నం చికెన్‌లో చాలినంత ఉండవు. కార్జం వేస్తే కొన్ని వస్తాయి, ఎక్కువ వేస్తే విటమిన్ ఎ మితిమీరుతుంది. చికెన్ షాపులో తక్కువకి ఇచ్చే కాళ్లు, తలలు, తోళ్లు ఉడకబెట్టి పెడతారు, అందులో ఎముక ఎంత, కొవ్వెంత అన్నది ఏ రోజుకారోజు మారిపోతుంది, లెక్క అన్నదే ఉండదు. ఉడికిన కోడి ఎముక విరిగితే మొనలు తేలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది, అది ఇంకో భయం.

కాబట్టి ఇంటి తిండే పెట్టాలనుకుంటే ఒకే మార్గం. కుక్కల పోషణ తెలిసిన వెటర్నరీ డాక్టర్ దగ్గర మీ పిల్ల వయసుకి, బరువుకి గ్రాముల్లో రాయించుకున్న రెసిపీ, దాంట్లో చెప్పిన సప్లిమెంట్, ఒక కిచెన్ త్రాసు. పిల్ల పెరిగేకొద్దీ ఆ కాగితం మార్పించుకుంటూ ఉండాలి. అది చెయ్యగలిగినవాళ్లు చెయ్యండి, బాగుంటుంది. అంత ఓపిక లేకపోతే ఈ ఏడాది, ఏడాదిన్నర ప్యాకెట్ పెట్టి, పెరుగుదల ఆగాక ఇంటి తిండి సంగతి ఆలోచించడం నయం. పెరిగిపోయిన కుక్క చిన్న లోపాల్ని తట్టుకున్నంతగా పెరిగే పిల్ల తట్టుకోదు.

నాలుగో దారి: సగం ప్యాకెట్, సగం అన్నం

మొదట్లో చెప్పిన పద్ధతి ఇదే. ప్యాకెట్‌లో 1000 కేలరీలకి మూడున్నర గ్రాముల క్యాల్షియం ఉందనుకుందాం, అది సరిగ్గా సరిపోయేది. కేలరీల్లో సగం అన్నం, పెరుగుతో నింపితే మొత్తం మీద 1000 కేలరీలకి రెండు గ్రాముల దగ్గరే ఆగిపోతుంది, కనీసం మూడు కావాలి. సరే అని సిరప్ పోస్తారు, చెంచా ఒకరోజు నిండుగా, ఒకరోజు వెలితిగా. ఆదివారం అన్నం మానేసి మొత్తం ప్యాకెట్ పెట్టి సిరప్ మాత్రం అలవాటుగా పోసేస్తారు, ఆ రోజు గరిష్ఠం దాటిపోవచ్చు. ఒక పూట కొరత, ఒక పూట అతి.

కలపడమే తప్పని అనను. కేలరీల్లో పదో వంతు దాకా బయటి తిండి ఉంటే ప్యాకెట్ లెక్క చెడదు. 1180 కేలరీల పిల్లకి అది 118. ఒక ఉడికిన గుడ్డు, ఓ రెండు చెంచాల పెరుగు, నాలుగు ఉడికించిన క్యారెట్ ముక్కలు. అంతవరకు ఎవరికీ టెన్షన్ అక్కర్లేదు, సిరప్ కూడా అక్కర్లేదు. కానీ అదే 118లో ఒక మాదిరి చపాతీ దాదాపు మొత్తం తినేస్తుంది, మేరీ బిస్కెట్ ఒక్కోటి ఇరవై పైనే. తాతగారి బిస్కెట్లు ఈ పదో వంతులోకే వస్తాయని ఇంట్లో చెప్పాలి, ఎలా చెప్పాలో మీ ఇష్టం.

పచ్చి మాంసం

కొందరు అదే అసలైన తిండి అంటారు. క్యాల్షియం లెక్క ఇక్కడా అంతే కష్టం, పైగా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం. మన చికెన్ షాపుల శుభ్రత, మన ఎండలు, గిన్నె పక్కనే పాకే పసిపిల్లలు, ఇవన్నీ కలిపి చూస్తే నేను పెరిగే పిల్లకి సిఫారసు చెయ్యను.

ఒక్క చూపులో

| | లార్జ్ బ్రీడ్ పప్పీ ఫుడ్ | మామూలు పప్పీ ఫుడ్ | ఇంటి తిండి | సగం సగం |
|---|---|---|---|---|
| క్యాల్షియం | సాధారణంగా పరిమితిలో, వెనక చూసుకోవాలి | దాటొచ్చు, తప్పక చూడాలి | రెసిపీ లేకుంటే చాలా తక్కువ | రోజుకో రకం |
| కేలరీల కొలత | తేలిక | తేలిక | త్రాసు, కాగితం ఉంటేనే | కష్టం |
| ఖర్చు | ఎక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం | మాంసం, సప్లిమెంట్ కలిపితే తక్కువేం కాదు | మధ్యస్థం |
| రోజువారీ శ్రమ | దాదాపు లేదు | దాదాపు లేదు | ఎక్కువ | మధ్యస్థం |
| క్యాల్షియం సిరప్ | వద్దు | వద్దు | డాక్టర్ రాసిన లెక్క ప్రకారమే | వద్దు, అన్నమే తగ్గించండి |

ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లయితే ఆలోచన అక్కర్లేదు, లార్జ్ బ్రీడ్ పప్పీ ఫుడ్. పొద్దున రోజు మొత్తానికి గ్రాముల్లో తూచి ఒక డబ్బాలో పోసి పెట్టండి, ఎవరు పెట్టినా అందులోంచే, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. కప్పుతో కొలిచేకంటే త్రాసు నమ్మకం, ఒకే కప్పులో ఒకరు తలకొట్టి పోస్తే ఒకరు గోపురం కట్టి పోస్తారు.

బడ్జెట్ తక్కువగా ఉంటే, క్యాల్షియం అంకె సరిగ్గా ఉన్న మామూలు పప్పీ ఫుడ్ కొలిచి పెట్టడం, ఖరీదైన ఫుడ్ కొని నెల మధ్యలో అయిపోయిందని అన్నంలోకి దిగడం కంటే చాలా మేలు. క్యాల్షియం సిరప్, హెల్త్ టానిక్, కోట్ షైన్ పౌడర్ మీద పెట్టే డబ్బు ఆపేస్తే మంచి ఫుడ్‌కి తేడా అక్కడే దొరకొచ్చు.

శాకాహార ఇళ్ల వాళ్లకి కొంచెం కష్టమైన మాట. పప్పు, అన్నం, పెరుగు మీద ఓ రాట్‌వీలర్ పిల్లని పెంచడం కుదరదు. ఇంట్లో మాంసం వండకపోయినా మాంసం ఉన్న ప్యాకెట్ పెట్టడానికి అభ్యంతరం లేకపోతే సమస్య తీరిపోయినట్టే, గిన్నె బాల్కనీలో పెట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. అదీ వద్దంటే మార్కెట్లో వెజిటేరియన్ డాగ్ ఫుడ్ ఉంది, కానీ అందులో ఎక్కువ భాగం ఎదిగిన కుక్కలకి, పెద్ద జాతి పిల్లల పెరుగుదలకి సరిపోతుందని రాసుందో లేదో చూడాలి. అందుకే పిల్లని తెచ్చాక కాదు, తెచ్చే ముందే ఈ చర్చ ఇంట్లో అయిపోవాలి.

పల్లెలో, తోటలో పెంచేవాళ్లకి ప్యాకెట్ దొరకడమే ఇబ్బంది. నెలకి సరిపడా ఒకేసారి తెప్పించి, పొడి చోట పెట్టుకోవడం ఒక పద్ధతి. పిల్ల బయట తిరిగి ఏదో ఒకటి తింటుంది కాబట్టి గిన్నెలో కొలత కాస్త తగ్గించి, పక్కటెముకలు వారానికోసారి చూసుకోండి.

గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ లాంటి భారీ జాతి పిల్ల ఉంటే నేను ఇచ్చే సలహా ఒకటే. ఇంటి ప్రయోగాలు వద్దు. వీటిలో తప్పుకి ధర ఎక్కువ, సరిదిద్దుకునే టైమ్ తక్కువ.

రోజుకి ఎన్నిసార్లు, ఎలా

మూడు నెలల లోపు నాలుగుసార్లు, మూడు నుంచి ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత జీవితాంతం రెండుసార్లు. పెద్దయ్యాక కూడా ఒక్కపూటకి దించకండి. షెపర్డ్, గ్రేట్ డేన్, రాట్‌వీలర్ లాంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో కడుపు గాలితో ఉబ్బి మెలి తిరిగే ప్రమాదం ఉంది, ఒకేసారి బోలెడు తినడం, గబగబా మింగడం దాన్ని పెంచుతాయి. తిన్నాక ఓ గంట పరుగులూ ఆటలూ వద్దు. కడుపు బిగుసుకుని, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి, తెల్లారేదాకా ఆగే జబ్బు కాదది.

గిన్నె నింపి రోజంతా వదిలేసే పద్ధతి పెద్ద జాతికి పనికిరాదు. ల్యాబ్‌కి కడుపు నిండిందన్న సంగతి తెలియదు. గిన్నె పెట్టి ఇరవై నిమిషాల్లో తీసేయండి. నానబెట్టిన ఫుడ్ అయితే మరీ, ఎండాకాలం గంటలో పులిసిపోతుంది, చీమలు సరేసరి. విజయవాడ ఎండల్లో మధ్యాహ్నం తినకపోతే కంగారుపడకండి, పొద్దున ఆరింటికి, రాత్రి ఎండ తగ్గాక పెట్టి చూడండి, అదే తింటుంది. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

పాలు చాలా పిల్లలకి పడవు, విరేచనాలవుతాయి. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి) ఉన్న చూయింగ్ గమ్ అసలు పెట్టకూడనివి. కిస్‌మిస్ వేసిన పాయసం, ఉల్లిపాయల సాంబారు అన్నం కూడా ఇందులోకే వస్తాయి.

మార్చేటప్పుడు, అనుమానం వచ్చినప్పుడు

తెచ్చిన వెంటనే ఫుడ్ మార్చకండి. అమ్మినవాళ్లు ఏం పెట్టారో అది కొన్ని రోజులు కొనసాగించి, తర్వాత వారం పది రోజుల్లో కొత్తది పావు వంతు, సగం, ముప్పావు చేస్తూ మార్చండి. విరేచనాలైతే ఒక మెట్టు వెనక్కి దిగి ఆగండి.

వారానికోసారి తూకం రాసుకోండి. పిల్లని ఎత్తుకుని మీరు త్రాసు ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి తీసేస్తే వచ్చేస్తుంది, ఎత్తలేని స్థాయికి వచ్చాక క్లినిక్‌లో నేల మీద ఉండే త్రాసు వాడుకోవచ్చు. బరువు ఒక్కసారిగా ఎగిసినట్టు కనిపించి, పక్కటెముకలు దాక్కుంటుంటే కొలతలో పదో వంతు తగ్గించి రెండు వారాలు చూడండి.

కుంటడం, ఒకరోజు ఒక కాలు ఇంకోరోజు ఇంకో కాలు ఎత్తిపట్టడం, ముందు కాళ్లు బయటికి తిరగడం, పాదాలు చదునుగా పరుచుకోవడం, మణికట్టు పైన వాపుతో జ్వరం, మెట్లెక్కనని మొండికేయడం, వీటిలో ఏది కనిపించినా సిరప్ సీసా కోసం షాపుకి కాదు, ఎక్స్‌రే ఉన్న వెటర్నరీ క్లినిక్‌కి వెళ్లండి. వెళ్లేటప్పుడు ప్యాకెట్ వెనక వైపు ఫోటో, రోజుకి ఎన్ని గ్రాములు పెడుతున్నారో, ఏ సప్లిమెంట్లు ఇస్తున్నారో రాసిన చీటీ తీసుకెళ్తే డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది.

ఎదిగిన కుక్కల ఫుడ్‌కి ఎప్పుడు మారాలంటే ల్యాబ్, షెపర్డ్ స్థాయికి 12 నుంచి 15 నెలల మధ్య, గ్రేట్ డేన్ లాంటివాటికి 18 నుంచి 24 నెలల మధ్య. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఆ తర్వాత ఆకలి పెరిగి, కేలరీల అవసరం తగ్గుతుంది, అప్పుడు గిన్నె మళ్లీ తూచుకోవాలి.